ప్రతి గంటకూ ఒక పేరు

మీ ప్రశ్న – మా జవాబు

ఏప్రిల్ చివరి వారంలో బడులకు తాళం పడితే మళ్లీ తెరిచేది జూన్ 12న. ఈ ఏడు వారాలూ పిల్లలకు పండుగే గానీ, ఇద్దరూ పనికి పోయే ఇంట్లో మాత్రం తెల్లారితే ఒకటే గుబులు. వరంగల్, కరీంనగర్, పెద్దపల్లి, సిరిసిల్ల వైపు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ దీని గురించే. కొన్నిటికి వివరంగా, కొన్నిటికి క్లుప్తంగా జవాబులిస్తున్నాం.

ప్రశ్న: నేను ప్రైవేటు దవాఖానలో స్టాఫ్ నర్సును. మా ఆయనది హనుమకొండలోనే ఫైనాన్స్ కంపెనీలో కొలువు. పాపకు 11, బాబుకు 7. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఉండరు. పాప తెలివైనది, తమ్ముణ్ని బాగానే చూసుకుంటది. తాళమేసి పోవచ్చా? – ఒక తల్లి, హనుమకొండ

తాళం వేసి మాత్రం పోకండి. బయటి నుంచి తాళం పడ్డ ఇంట్లో పొగ లేచినా, ఒకరికి కరెంటు కొట్టినా రెండోవాళ్లు బయటికి రాలేరు, పక్కింటివాళ్లు లోపలికి పోలేరు. గడియ లోపలి నుంచే ఉండాలి, అది పాప చేతికి అందాలి. ఇంకో తాళంచెవి నమ్మకమైన పొరుగింట్లో ఉండాలి.

ఇక పాప సంగతి. 11 ఏళ్ల పిల్ల తనను తాను ఒక గంట చూసుకోగలదు. ఏడేళ్ల తమ్ముణ్ని ఎనిమిదిన్నర గంటలు కాయడం వేరే పని. వాడు మాట వినడు, ఈ పిల్లకు కోపమొస్తుంది, ఏదైనా పగిలితే తిడతారేమోనని మీకు చెప్పదు. జరగరానిది జరిగితే ఆ బరువు జన్మంతా ఆ పిల్లే మోయాలి. అంత తెలివైన పిల్ల మీద ఆ భారం పెట్టొద్దు.

ఒక తెల్లకాగితం తీసుకుని పొద్దున 6 నుంచి రాత్రి 8 దాకా గంటగంటకూ ఒక గీత కొట్టండి. ప్రతి గంట పక్కన, ఆ సమయంలో పిల్లల మీద కన్నేసి ఉండే పెద్దమనిషి పేరు రాయండి. 'పక్కింటోళ్లు చూస్తరు' అని రాయకూడదు, ఒక్క మనిషి పేరే రాయాలి. ఆ మనిషికి ఆ సంగతి తెలిసి ఉండాలి, ఒప్పుకుని ఉండాలి. పదిమంది ఉన్న ఇంట్లో పసివాడు సంపులో పడడానికి కారణం చాలాసార్లు ఇదే: ఎవరికి వాళ్లు ఇంకొకరు చూస్తున్నారనుకున్నారు.

మీ కాగితంలో ఖాళీలు ఎట్లా నింపాలో చూద్దాం. నర్సు డ్యూటీ కాబట్టి ఈ రెండు నెలలు ఉదయం 8 నుంచి 2 దాకా ఉండే షిఫ్టు అడగండి. నైట్లు ఎక్కువ చేయడానికి ఒప్పుకునే, పిల్లలు పెద్దవాళ్లైన తోటి నర్సులు ఉంటారు, వాళ్లతో ఇప్పుడే మాట్లాడుకోండి. అప్పుడు ఖాళీ తొమ్మిదిన్నర నుంచి రెండున్నర దాకా, అంటే ఐదు గంటలకు దిగుతుంది. మీ వాడకట్టులో ఇదే ఇబ్బంది ఉన్న ఇంకో రెండిళ్లు తప్పక ఉంటాయి. మూడిళ్ల పిల్లలను ఒకే ఇంట్లో, తెలిసిన ఒక పెద్దావిడ దగ్గర ఉంచి, ఆమెకు ముగ్గురూ కలిసి జీతం ఇవ్వండి. ఆరుగురు పిల్లలకు మించితే ఒక్కరి వల్ల కాదు. వంట ఆమె మీద పెట్టకండి, పొయ్యి దగ్గర నిలబడితే చూపు పిల్లల మీద ఉండదు. ఎవరి డబ్బా వాళ్లు పంపాలి.

ఎంత సర్దినా ఒక గంట మిగిలితే, ఆ గంట పిల్లలు ఒంటరిగా ఉండగలరో లేదో ముందే పరీక్షించండి. ఆదివారం పావుగంట, తర్వాత అరగంట, తర్వాత గంట. మీరు వీధి చివరే ఉండాలి. వచ్చాక ప్రశ్నలడగండి. కరెంటు పోతే ఏం చేస్తావు? తమ్ముడి వేలు తెగితే? 'మీ డాడీ పంపిండు' అని ఎవరైనా తలుపు కొడితే? మూడోదానికి ఇంట్లో ఒక గుర్తుమాట పెట్టుకోండి. ఆ మాట చెప్పనివాళ్లకు, ఎంత తెలిసినవాళ్లైనా సరే, తలుపు తీయకూడదు. పిల్లల దగ్గర మామూలు బటన్ల ఫోను, నిండా ఛార్జింగుతో ఉంచండి. మీ ఇద్దరి నంబర్లు, పొరుగింటి నంబరు, 112, అంబులెన్సు 108, అగ్నిమాపక కేంద్రం 101, పిల్లల సహాయానికి 1098, గ్యాస్ లీకైతే 1906. ఇవన్నీ పెద్ద అక్షరాలతో రాసి గోడకు అంటించండి. ఇంటి నంబరు, వీధి, దగ్గరి గుర్తు కూడా ఆ కాగితం మీదే రాయండి. భయంలో పెద్దవాళ్లే చిరునామా మరిచిపోతారు.

పనికి పోయే ముందు ఒకసారి మోకాళ్ల మీద కూర్చుని ఇల్లంతా చూడండి. పిల్లల ఎత్తులో కనిపించేవి నిలబడితే కనిపించవు. సంపు మూత మీద బాబు ఎత్తలేనంత బరువు ఉండాలి, లేదా తాళం ఉండాలి. గ్యాస్ రెగ్యులేటర్ దగ్గరే కట్టేయాలి, పొయ్యి గుండీలు కట్టేస్తే చాలదు. టాయిలెట్ యాసిడ్, ఫినాయిల్ కూల్‌డ్రింకు సీసాల్లో పోసి పెట్టే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. ఎవరివైనా బీపీ, షుగర్ గోళీలు దిండు కింద ఉంటే వాటిని పై అరలో పెట్టండి. డాబా తలుపుకు తాళం వేయండి.

మధ్యాహ్నం తిండి గురించి మీరు అడగలేదు గానీ, మే నెలలో పొద్దున 8కి వండిన పప్పన్నం 1 గంటకు చెడిపోయే ప్రమాదం ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టకపోతే మెత్తగా ఉడికిన అన్నంలో గోరువెచ్చని పాలు కలిపి ఒక చెంచా పెరుగు తోడు వేయండి. మధ్యాహ్నానికి కమ్మటి పెరుగన్నం అవుతుంది, పులవదు. సర్వపిండి, చింతపండు పులిహోర, చపాతీ కూడా నిలుస్తాయి. కొబ్బరి పచ్చడి, ఉడికిన ఆలుగడ్డ నిలవవు.

ప్రశ్న: మాది పరకాల. ఇంట్లో ఇనుప కూలర్ ఉంది. పిల్లలే నీళ్లు పోసుకుంటరు. అప్పుడప్పుడు ముట్టుకుంటే జిల్లుమంటది. ఎండాకాలం అయితే తీసేస్తం, అప్పటిదాక ఏం జాగ్రత్త తీసుకోవాలె? – ఒక తండ్రి

ఇది చదవగానే ప్లగ్గు పీకేయండి. జిల్లుమంటోందంటే కూలర్ ఒంట్లోకి కరెంటు దిగుతోంది. చెప్పులేసుకుని, నేల పొడిగా ఉన్నప్పుడు ముట్టుకున్నారు కాబట్టి జిల్లుమంది. అదే తడి నేల మీద, ఒట్టికాళ్లతో, ఇనుప బకెట్టు పట్టుకున్న పిల్లకు ప్రాణం మీదికొస్తుంది. మన దగ్గర ఎండాకాలంలో పిల్లలకు బావి ఎంత ప్రమాదమో ఇనుప కూలర్ కూడా అంతే.

కరెంటు ఎందుకు దిగుతుందో తెలిస్తే ఏం చూడాలో తెలుస్తుంది. చాలాసార్లు తప్పు నీళ్ల పంపు దగ్గర ఉంటుంది. పంపు వైరు పొట్టిగా ఉంటే ఇంకో ముక్క అతికి టేపు చుడతారు, ఆ అతుకు నీళ్లలోకి జారుతుంది. ఏడాదంతా మూలన పడున్న కూలర్ వైరు మీది ప్లాస్టిక్‌ను ఎలుక కొరికి ఉంటుంది, లేదా ఎండకు పగిలి ఉంటుంది. ఫ్యాను మోటారు కదలికకు వైరు రేకు అంచుకు రాపిడై తెగుతుంది. ఇవన్నీ జరిగినా ఎర్తింగ్ సరిగా ఉంటే కొంత కాపాడుతుంది. కానీ మూడు పిన్నుల ప్లగ్గులో లావు పిన్ను విరగ్గొట్టి రెండు రంధ్రాల బోర్డులో పెట్టడం, అసలు బోర్డుకే ఎర్తు వైరు లేకపోవడం మన ఇళ్లలో మామూలైపోయింది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి నాలుగు పనులు చేయించండి. పంపుకు అతుకు లేని ఒకే వైరు వేయించాలి. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు ఉన్న బోర్డు ఉండాలి. ఎర్తు ఉందో లేదో మీటరుతో చూడమనండి, కళ్లతో చూసి 'ఉంది' అంటే సరిపోదు. వైరు రేకులోంచి బయటికొచ్చే చోట రబ్బరు బుష్ వేయించాలి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. ఇంట్లో ఎం.సి.బి. ఉంది కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. ఎం.సి.బి. లోడు ఎక్కువైనా, షార్ట్ సర్క్యూట్ అయినా పడిపోతుంది. మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటుకు అది పడదు. అంత కొంచెం కరెంటు కారినా పడిపోయేది ఆర్.సి.సి.బి. దాని మీద 'టి' అని చిన్న బటన్ ఉంటుంది. నెలకోసారి అది నొక్కితే పడిపోవాలి. పడకపోతే మార్చాలి.

ఇవన్నీ చేయించినా నీళ్లు పోసేది పెద్దవాళ్లే, అదీ స్విచ్చి కట్టేసి ప్లగ్గు పీకాకే. నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టొద్దు, కూలర్ కింద కారిన నీళ్లు దాని దగ్గరికే పోతాయి. టెస్టర్ పెట్టి చూస్తే వెలగలేదు కాబట్టి మంచిదే అని అనుకోవద్దు. వెలిగితే ప్రమాదం ఉన్నట్టు, వెలగనంత మాత్రాన లేనట్టు కాదు.

ఎవరికైనా కరెంటు పట్టుకుంటే పిల్లలు ఏం చేయాలో కూడా నేర్పండి: ముట్టుకోవద్దు, మెయిన్ కట్టేయాలి, అరవాలి. మెయిన్ ఎక్కడుందో, ఏ స్టూలు ఎక్కితే అందుతుందో ఒకసారి వాళ్లతోనే చేయించండి.

ప్రశ్న: పిల్లలిద్దరినీ నెలరోజులు నర్సంపేట దగ్గర మా అమ్మవాళ్ల ఊరికి పంపుతున్నం. పెద్దోడికి 12, చిన్నోడికి 9. ఈత రాదు. బావుల దగ్గరికి పోవద్దని చెప్పినం. అంతకంటే ఏం చెయ్యాలె? – ఒక తల్లి, వరంగల్

చెప్పడం ఒక్కటే చాలదమ్మా. ఊళ్లో మేనమామ కొడుకులు దుంకుతుంటే మీవాళ్లు గట్టు మీద ఎంతసేపు నిలబడతారు? పంపే ముందు పదిహేను రోజులైనా ఈత నేర్పించండి. అది కుదరకపోతే ఏ నీళ్లు ఎట్లా ముంచుతాయో వివరంగా చెప్పండి. 'పోవద్దు' కంటే 'ఎందుకు' అన్నది పిల్లలకు గుర్తుంటుంది.

మన వైపు వ్యవసాయ బావికి చాలాచోట్ల గోడ ఉండదు, దిగడానికి మెట్లుండవు, అంచున మట్టి వదులుగా ఉంటుంది. నీళ్లు కిందికి పోయిన ఎండాకాలంలో పడితే తగిలేది రాయే. పైగా మోటారు వైర్లు నీళ్లలోనే ఉంటాయి. ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్ ప్రాజెక్టు) కాకతీయ కాలువ చూడ్డానికి నిమ్మళంగా పారుతుంది. దాని సిమెంటు గోడలు ఏటవాలుగా, పాకురు పట్టి ఉంటాయి. దిగినవాడు ఈతగాడైనా ఎక్కలేక, పట్టు దొరక్క అలిసిపోతాడు. క్వారీ గుంతలో రెండడుగులు మోకాళ్ల దాకా ఉండి మూడో అడుగుకు నిలువు లోతు వస్తుంది. చెరువుల్లో కూడా మట్టి తవ్వుకుపోయిన చోట అంతే. నిరుడు నడుం దాకా ఉన్న చోటు ఈ ఏడు మనిషి లోతు ఉండొచ్చు. అందుకే 'మాకు తెలిసిన చెరువే' అన్న మాట నమ్మొద్దు.

ఈత నేర్పడానికి ఊళ్లో సొరకాయ బుర్రలు, మునగ బెండ్లు, ఇప్పుడు ఖాళీ డబ్బాలు కడతారు. పాత పద్ధతే, కానీ నడుముకు కట్టిన తాడు జారి తొడల దగ్గరికొస్తే కాళ్లు తేలి తల మునుగుతుంది. డబ్బా మూత వదులైతే నీళ్లు నిండుతాయి. నేర్పే మనిషి అదే నీళ్లలో, చేయి చాపితే అందేంత దగ్గర ఉంటేనే సరే. గట్టు మీద బీడీ కాలుస్తూ కూర్చున్న మనిషి చాలడు. వీలైతే హనుమకొండలో ఈతకొలనుకు పంపండి. మొదటి నాలుగు రోజులు నీళ్లలో మొహం ముంచి బుడగలు ఊదడం, తర్వాత వెల్లకిలా తేలడం, ఆ తర్వాతే కాళ్లు కొట్టడం. మొదటి రోజే లోతులోకి తోసే కోచ్ దగ్గర మాన్పించండి. పదిహేను రోజుల్లో వచ్చేది కొలనులో ఈత. కాలువకూ క్వారీకీ అది సరిపోదని పిల్లలకూ, అమ్మమ్మకూ గట్టిగా చెప్పండి.

ఎవరైనా మునుగుతుంటే పిల్లలు నీళ్లలోకి దుంకకూడదు. మునిగేవాడు దొరికినదాన్ని పట్టుకుని లాగేస్తాడు. ఒకే చోట ఇద్దరు ముగ్గురు పిల్లలు పోయారని వినే వార్తల వెనక ఉండేది ఇదే. కేక వేయాలి, పొడుగు కట్టె చాపాలి, తాడో చీరో ఖాళీ డబ్బానో విసరాలి. బయటికి తీశాక పొట్ట నొక్కడం, తలకిందులుగా వేలాడదీయడం, తిప్పడం చేయొద్దు. కడుపులో నీళ్లు బయటికొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, విలువైన నిమిషాలు గడిచిపోతాయి. ఊపిరి లేకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి నోట్లో నోరు పెట్టి ఐదుసార్లు ఊదాలి. తర్వాత రొమ్ము మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 నొక్కులు, 2 ఊదులు, మళ్లీ 30, మళ్లీ 2. రొమ్ము మందంలో మూడోవంతు లోపలికి దిగేలా నొక్కాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. కళ్లు తెరిచినా దవాఖానకు తీసుకెళ్లాల్సిందే, ఊపిరితిత్తుల బాధ కొన్ని గంటల తర్వాత కూడా మొదలవుతుంది.

ఊరికి పంపేటప్పుడు మీ అమ్మగారి చేతికి కూడా గంటల కాగితం ఇవ్వండి. అందులో మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా ఎవరి పేరుందో చూడండి. పెద్దవాళ్లంతా కునుకు తీసే సమయమది, పిల్లలు బావి దారి పట్టేదీ అప్పుడే. ఇంటి ముందు కారు ఉంటే తాళాలు పిల్లలకు అందకుండా పెట్టించండి. ఆటలో ఎక్కి డోరు పడిపోతే ఎండలో ఉన్న కారు లోపలి వేడి పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా పెరుగుతుంది.

ప్రశ్న: మా బాబుకు 12. ఎంత చెప్పినా పన్నెండింటికి క్రికెట్‌కు పోయి మూడింటికి వస్తడు. మొన్న వచ్చి వాంతి చేసుకుని పడుకున్నడు. షాపుల అమ్మే ఓఆర్ఎస్ డబ్బాలు తాగిపిస్తున్నం. చాలునా? – జమ్మికుంట

చాలదు. ముందు ఆట సమయం మార్చండి. పొద్దున ఐదున్నర నుంచి ఎనిమిదిన్నర, సాయంత్రం ఐదున్నర తర్వాత. రామగుండం, ఆదిలాబాద్ నుంచి వరంగల్ దాకా మే నెలలో 43, 44 డిగ్రీలు మామూలే, గ్రౌండులో నేల ఇంకా వేడిగా ఉంటుంది. ఒక్కణ్ని ఆపితే వాడు ఆగడు. జట్టులో నలుగురు పిల్లల తల్లిదండ్రులు కలిసి మాట్లాడుకుని అందరినీ పొద్దున్నే పంపండి. బంతి తెచ్చేవాడు పొద్దున వస్తే ఆట పొద్దునే జరుగుతుంది.

మామూలు రోజు వాడికి కావలసింది నీళ్లు, ఉప్పు వేసిన పలుచటి చల్ల, అంబలి, ముంజలు. ఆ వయసుకు రోజుకు రెండు లీటర్లు తాగాలి, ఆడితే ఇంకా ఎక్కువ. మూత్రం పసుపుపచ్చగా చిక్కబడితే తక్కువ తాగినట్టు. ఓఆర్ఎస్ విరేచనాలు, వాంతులు, బాగా చెమట పోయి నీరసం వచ్చినప్పుడు. అది పొడి ప్యాకెట్టుగా, డబ్ల్యూ.హెచ్.ఓ. (ప్రపంచ ఆరోగ్య సంస్థ) సూత్రం ప్రకారం అని రాసి ఉన్నదే కొనండి. పెద్ద ప్యాకెట్టు సుమారు 21 గ్రాములు. అది మొత్తం ఒకేసారి ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి. సగం సగం చేసి గ్లాసులో కలిపితే కొలత తప్పుతుంది. ఉప్పు ఎక్కువైతే దాహం, వాంతులు పెరుగుతాయి. 24 గంటల తర్వాత మిగిలింది పారబోయాలి. ప్యాకెట్టు దొరక్కపోతే లీటరు నీళ్లకు చెంచా అంచుకు సమంగా గీసిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు.

మీరు కొనే తియ్యటి డబ్బాల్లో చాలావాటికి ఆ సూత్రంతో సంబంధం లేదు, చక్కెర ఎక్కువ. విరేచనాలప్పుడు ఆ చక్కెర ఇంకా నీళ్లు లాగుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాటే వాడకూడదని ఆదేశించింది.

మొన్నటిలాగా వాంతి, తలనొప్పి వస్తే నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిగుడ్డతో తుడుస్తూ ఫ్యాను వేయండి. మాట తడబడినా, మనుషులను గుర్తుపట్టకపోయినా, ఫిట్స్ వచ్చినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి చేసి, వచ్చేదాకా ఒంటి మీద నీళ్లు పోస్తూనే ఉండాలి. జ్వరం గోళీ దీనికి పనిచేయదు. స్పృహ లేనప్పుడు నోట్లో చుక్క నీళ్లు కూడా పోయొద్దు.

ప్రశ్న: మాది గోదావరిఖని. ఆయన బొగ్గుగనిల నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటరు. నేను బట్టల షాపుల పనిచేస్త. 9 ఏండ్ల బాబు చప్పుడు చేయొద్దని ఫోన్ ఇచ్చినం. ఇప్పుడు ఫోన్ లేంది అన్నం తినడు. – ఒక తల్లి

ముందుగా ఒక్క మాట. నిద్రపోతున్న మనిషి పేరు కాగితంలో రాయొద్దు. ఆయన ఇంట్లో ఉన్నట్టే గానీ చూస్తున్నట్టు కాదు. రాత్రంతా గనిలో పనిచేసొచ్చిన మనిషికి ఏడు గంటల నిద్ర దక్కకపోతే మర్నాడు ఆయన పనిలోనే ప్రమాదం. ఆ గంటలకు వేరే పేరు వెతకాలి. క్వార్టర్లలో తోటి షిఫ్టు కుటుంబాలుంటాయి, ఈ వారం ఒకరికి నైట్ అయితే ఇంకొకరికి మొదటి షిఫ్టు. షిఫ్టుల చార్టు దగ్గర పెట్టుకుని రెండిళ్లు వంతులేసుకోవచ్చు.

ఫోను ఒక్కసారి గుంజుకుంటే పంతం పెరుగుతుంది. రోజుకు అరగంట చొప్పున తగ్గించి, రెండు గంటల లోపుకు తేవాలి. 'ఇంకా పది నిమిషాలే' అంటే పిల్లలకు అర్థం కాదు. 'ఈ వీడియో అయ్యాక' అంటే ఆగుతారు. అయితే ఒకదాని వెనక ఒకటి తనంతట తనే ఆడే ఆటోప్లే సెట్టింగ్ కట్టేయాలి. ఆయన ఫోనులో డబ్బులు పంపే యాప్ ఉంటే దానికి వేరే లాక్ పెట్టండి. అన్నం దగ్గర ఫోను పెద్దవాళ్లకూ ఉండకూడదు, ఇది లేకుండా మిగతావేవీ నిలవవు.

చప్పుడు లేని ఆటలు మన దగ్గర బోలెడు. అష్టాచెమ్మకు సుద్దముక్కతో 5 అడ్డం 5 నిలువు గళ్లు గీసి, నాలుగు అంచుల మధ్య గడుల్లో, నట్టనడుమ గడిలో అడ్డగీతలు కొట్టాలి. అవి చంపకూడని ఇళ్లు. గవ్వలు లేకుంటే చింతగింజలను గరుకు నేల మీద ఒకవైపు తెల్లగా వచ్చేదాకా అరగదీస్తే నాలుగు పందేలు తయారు. అరగదీయడమే ఒక పూట పని. నాలుగూ తెల్లగా పడితే చెమ్మ, 4. నాలుగూ నల్లగా పడితే అష్ట, 8. రెండిటికీ ఇంకో పందెం వస్తుంది. తొమ్మిదేళ్ల వాడికి ముందుచూపు, లెక్క రెండూ వస్తాయి. వామనగుంటలు, కచ్చకాయలు, పులి-మేక కూడా ఇంతే నిశ్శబ్దం. కానీ రోజుకు గంటసేపు ఒళ్లు చెమట పట్టే ఆట కూడా ఉండాలి. 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అదే. ఆయన లేచాక సాయంత్రం అది ఆయన వంతు. చిర్రగోనె ఆడితే చూసేవాళ్లు కొట్టేవాడి వెనక పది అడుగుల దూరంలో నిలబడాలి, చిర్ర కొస తగిలి కన్ను పోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: సమ్మర్ క్యాంపులో వేయాలనుకుంటున్నం. ఎట్లా ఎంచుకోవాలె? – కరీంనగర్

ఫీజు కట్టే ముందు ఒక పొద్దున చెప్పకుండా వెళ్లి అరగంట నిలబడండి. బయటి ఆటలు తొమ్మిదిలోపు ఆపుతున్నారా, తాగే నీళ్లు ఎక్కడున్నాయి, ఆడపిల్లలకు గడియ పడే టాయిలెట్ ఉందా, ఒక్క కోచ్ ఎంతమందిని చూస్తున్నాడు అన్నవి కళ్లతో చూడాలి. ఈతకైతే నీళ్లలో ఒకరు నేర్పుతూ, గట్టు మీద ఇంకొకరు కేవలం చూస్తూ ఉండాలి. కొలను అడుగు కనిపించనంత మురికిగా ఉంటే వెనక్కి వచ్చేయండి. పిల్లను ఎవరికి అప్పగిస్తారో రాసుకునే పుస్తకం ఉందా అని అడగండి. తల్లిదండ్రులను లోపలికి రానివ్వని క్యాంపు ఎంత పేరున్నదైనా వద్దు. ఒంటిమీద ఎవరు చేయి వేయకూడదో, వేస్తే మీకు చెప్పడంలో తప్పు లేదని క్యాంపుకు పంపే ముందు రోజే కూర్చోబెట్టి చెప్పండి.

15 రోజుల్లో బెల్టు ఇస్తామనే కరాటే కంటే స్టేడియంలో ఖోఖో, కబడ్డీ శిక్షణ మేలు, ఖర్చు కూడా తక్కువ. వరంగల్ వైపు చదివేవాళ్లకు హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ఉంది. ఎండ ముదిరాక గ్రంథాలయాలున్నాయి. 1904లో పెట్టిన హనుమకొండ రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం లాంటి చోటికి పిల్లలను ఒకసారైనా చేయి పట్టుకుని తీసుకెళ్లండి.

ప్రశ్న: ఎనుమాముల మార్కెట్ల మిర్చి తొడిమలు తీసే పనికి పోత. నాలుగేండ్ల బిడ్డను ఎంట తీసుకపోత. దగ్గుతది. వేరే దారి లేదు. – వరంగల్

మిర్చి ఘాటు పసి ఊపిరితిత్తులకు మంచిది కాదు, పైగా యార్డులో లారీలు వెనక్కి వస్తుంటాయి. మీ తప్పేం లేదు. కానీ దారి ఉంది. మీ గుంపులో పది మంది ఆడవాళ్లుంటే, వాళ్లలో ఒకరు వంతులవారీగా పని మానుకుని పిల్లలను యార్డు బయట ఒక ఇంట్లో చూడాలి. ఆమె కూలీని మిగతా తొమ్మిది మంది పంచుకుంటే ఒక్కొక్కరికి రోజు కూలీలో తొమ్మిదో వంతు పడుతుంది. మీ వాడ అంగన్‌వాడీలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలను చేర్చుకుంటారు, వేసవిలో ఏ తేదీల్లో మూస్తారో టీచరును ఇప్పుడే అడగండి. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో శిశు సంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు పోయి బిడ్డను చూసుకోవచ్చని 2017 నుంచి చట్టంలో ఉంది. ఫ్యాక్టరీల్లో, దవాఖానల్లో పనిచేసే తల్లులు ఈ మాట అడగాలి. అప్పటిదాకా తప్పక తీసుకెళ్లాల్సిన రోజు బిడ్డను గాలి వచ్చే వైపు, కుప్పలకు దూరంగా కూర్చోబెట్టండి. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే బిడ్డను ముట్టుకోండి. పిల్లికూతలు, ఎగపోత కనిపిస్తే అదే రోజు ఎంజీఎం దవాఖానకు తీసుకెళ్లండి.

ప్రశ్న: 14 ఏండ్ల కొడుకు స్కూటీ అడుగుతున్నడు. దగ్గరికే కదా, ఇద్దామా? – సిరిసిల్ల

ఇవ్వొద్దు. మైనరు బండి నడిపితే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం బండి యజమానికి, తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు పడొచ్చు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ ఆ డబ్బు మీ దగ్గరే వసూలు చేయొచ్చు. సైకిల్ కొనివ్వండి, ముందు బ్రేకు, వెనక బ్రేకు రెండూ పనిచేస్తున్నాయో వారానికోసారి వాడితోనే చూపించుకోండి.

ప్రశ్న: వీధిల కుక్క పాప కాలుకు గీరింది, రక్తం రాలేదు. ఇంజెక్షన్ అవసరమా? – మహబూబాబాద్

అవసరం. గీత పడితే చాలు రేబిస్ టీకా వేయించాలి, రక్తం రానక్కర లేదు. కుళాయి కింద సబ్బుతో పూర్తిగా 15 నిమిషాలు కడగాలి, గడియారం చూసి కడగండి. పసుపు, కారం, సున్నం, పసరు పెట్టొద్దు, కట్టు కట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లండి. రక్తం వచ్చిన గాయమైతే టీకాతో పాటు గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అడగండి. చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో పడుతుంది. మూడు సూదులయ్యాక పాప బాగానే ఉంది కదా అని చాలామంది నాలుగోది వదిలేస్తారు. మే నెల మధ్యలో మొదలుపెడితే ఆ 28వ రోజు సరిగ్గా బడులు తెరిచే వారంలో వస్తుంది, కొత్త పుస్తకాల హడావుడిలో మరిచిపోతారు. దవాఖాన చీటీని ఫోటో తీసి మీ ఫోనులో, పాప బడి డైరీలో రెండుచోట్లా తేదీ రాసిపెట్టుకోండి.